సగం ముఖం

మందు చుక్క పడగానే కంట్లో చల్లగా తగిలింది, మరుక్షణం మంట. విద్యావతి తల వెనక్కి లాక్కోబోతే శంకరమ్మ అరచేత్తో నుదురు నొక్కిపట్టింది. "జర ఓర్సుకో బిడ్డా. గీ కంట్ల గూడ ఏస్త. ఆఁ, అయిపాయె. ఇగ తెరవొద్దు, గట్లనే మూస్కోని కూసో. అద్దగంటకు మల్లొకపారి ఏస్త. గప్పుడు డాక్టర్‌సాబ్ దీపం పెట్టి లోపలంత చూస్తడు." చేతిలో ఇంత దూది పెట్టి ఆవిడ చెప్పులీడ్చుకుంటూ వెళ్ళిపోయింది. లోపలంతా చూస్తాడట. ఏం కనిపిస్తుంది లోపల? తనకు కనిపించేవన్నీ ఆయనకూ కనిపిస్తాయా? విద్యావతి చెంప తుడుచుకుని బెంచీ మీద వెనక్కి ఆనుకుంది. అబిడ్స్‌లో చెప్పుల దుకాణం పైన ఉంది ఈ కంటి డాక్టరు గది. కొత్త తోలు వాసన చెక్కమెట్లెక్కి పైకి వస్తోంది. కింద డబల్ డెక్కర్ బస్సు మలుపు తిరగలేక మూలుగుతోంది, రిక్షావాడెవడో ఇంకొక రిక్షావాడిని తిడుతున్నాడు, ఎక్కడో రేడియోలో ఉర్దూ వార్తలు. శనివారం, ఒంటిపూట బడి. ఆరో తరగతి ఆడపిల్లల చేత మందారపువ్వు బొమ్మ వేయించి, గంట కొట్టగానే ఇంటికి పోకుండా ఇటు వచ్చింది. ఇంతకు ముందు మూడుసార్లు వచ్చి, బోర్డు చదివి, మెట్ల దగ్గరి నుంచే తిరిగి వెళ్ళిపోయింది. ఈసారి మెట్లెక్కింది. డాక్టరు ఏమిటి బాధ అని అడిగితే "మెరుపులు కనిపిస్తున్నాయి" అని ఊరుకుంది. మిగిలింది చెప్పలేదు. మిగిలింది కంటి డాక్టరుకు చెప్పేది కాదు. ఎవరికి చెప్పేదో తనకు తెలుసు, ఆ డాక్టర్లుండే దవాఖాన గేటు కూడా తెలుసు.

మూసిన రెప్పల వెనక ఎరుపు, కిటికీ ఉన్న దిక్కున నారింజ. ఇప్పుడైతే ఏమీ లేదు, వట్టి ఎరుపే. నాలుగు నెలల కింద ఆ మెరుపులు మొదటిసారి వచ్చినప్పుడు బ్లాక్‌బోర్డు మీద కూజా వేస్తోంది. కూజా మెడ దగ్గర సుద్దపొడి లాంటి ఒక చుక్క. తుడిచింది, పోలేదు. పిల్లల వైపు తిరిగితే చుక్క కూడా తనతోనే తిరిగింది. తిరిగి మెల్లగా తెరుచుకుంది, రంపం పళ్ళలాగా, పాతకోట గోడ మీది బురుజుల్లాగా వంకరటింకర గీతలు, ఒకదాని పక్కన ఒకటి, నిలకడగా ఉండకుండా వెలుగుతూ మండుతూ. ముందు బెంచీలో పద్మ అనే పిల్ల లేచి నిలబడి "టీచర్, హ్యాండిల్ ఎటు దిక్కు వెయ్యాలె?" అని అడిగింది, ఆ పిల్లకు సగం ముఖమే ఉంది. ఒక కన్ను, సగం ముక్కు, ఒక జడ. మిగతా సగం లేదు. నల్లగా కూడా లేదు, ఖాళీగా కూడా లేదు, అసలు అక్కడ ఎన్నడూ ఏమీ లేనట్టు. విద్యావతి కుర్చీలో కూర్చుండిపోయి "ఎటైనా వెయ్యి" అంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. మూసుకున్నా గోడలు అక్కడే వెలుగుతున్నాయి. ఇరవై నిమిషాలకు మెల్లగా అంచుకు జరిగి జరిగి వెళ్ళిపోయాయి, సాయంత్రానికి తల పగిలిపోయేలా నొప్పి, రెండు వాంతులు. ఆ తర్వాత అయిదుసార్లు. ఒకసారి బస్సులో, ఒకసారి కూర తరుగుతుంటే, అమ్మ ఎదురుగానే. అమ్మ ముఖం సగం పోవడం కూడా చూసింది. ఆ రోజు రంగుల పెట్టె మూసి మంచం కిందికి తోసింది. వేస్తున్న బొమ్మలన్నిటినీ గోడవైపు తిప్పి పెట్టింది. మళ్ళీ తెరవలేదు.

నీ సగం మొఖం ఏది బిడ్డా? తన చిన్నప్పుడు అమ్మ అడిగేది. కాచిగూడలో కిరాయి ఇంట్లో, తర్వాత బొగ్గులకుంటలో, ఆ తర్వాత నాంపల్లిలో మూడు వేరు వేరు సందుల్లో. వంటింటి గుమ్మంలో ఆరేళ్ళ పిల్ల నిలబడి ఉంటే, అమ్మ చేతిలో గరిటె ఆగిపోయి, తల పక్కకు వంచి, చీకట్లో సూది వెతుకుతున్నట్టు చూస్తూ, నీ సగం మొఖం ఏది బిడ్డా, జర గిటు జరుగు, ఆఁ, ఇప్పుడొచ్చింది. పిల్ల చేత్తో తన ముఖం తడుముకునేది. ఉందా? ఉంది. రెండు చెంపలూ ఉన్నాయి. అమ్మ కంటికి మాత్రం లేవు. బడిలో కూడా మధ్యమధ్యలో తడుముకునేది, పక్కపిల్లలు నవ్వేవాళ్ళు. అమ్మ బొగ్గు తీసుకుని గోడ మీద గీసేది, ఇదిగో గిట్ల వస్తయి, గిట్ల, గిట్ల, కోటగోడల లెక్క, మల్ల ఇట్ల పెద్దగయితయి. తర్వాత నుదుటికి తడిగుడ్డ కట్టుకుని తలుపులన్నీ వేయించుకుని ఆ చీకట్లో పడుకునేది. పిల్ల పక్కనే పడుకునేది. పైకప్పు మీద మనుషులు తలకిందులుగా నడిచేవాళ్ళు. సగం ముఖాల వాళ్ళు, మూటలు మోసుకుంటూ, పిల్లల్ని చంకనేసుకుంటూ, వంటింటి గోడ మీది కోటలోకి బారులు తీరి. అమ్మ చెప్పిందా వాళ్ళ సంగతి, దెయ్యం వదిలిస్తానని వచ్చిన మంత్రగాడు చెప్పాడా? అమ్మే అయ్యుంటుంది. పొద్దున్నే నాయన లేచి ధోతీ పైకి కట్టుకుని, కచేరీకి పోయేముందు తడిగుడ్డతో గోడంతా తుడిచేవాడు. ఏమీ అనేవాడు కాదు. బొగ్గు మరక పూర్తిగా పోదు, బూడిద రంగు మేఘంలా మిగిలిపోతుంది. ఇంటాయన వచ్చి చూసేవాడు. మళ్ళీ బండి, మళ్ళీ సామాను, మళ్ళీ తెల్లటి గోడలు.

"మీకూ శుక్లాలేనాండీ?" పక్కనుంచి ఒక ఆడగొంతు. విద్యావతి రెప్పలు కదిలాయి, తెరవలేదు. గాజుల చప్పుడు, నశ్యం వాసన. "నా పేరు సుబ్బరత్నమండి. మాది తెనాలి దగ్గర. మా అబ్బాయి ఇక్కడ సెక్రటేరియట్‌లో. ఆపరేషన్ చేయాలంటున్నారు, నాకేమో భయం. రెండు కళ్ళకీ కట్టు కడితే పొయ్యి దగ్గర ఏం చేసుకోనూ, మా కోడలికి ఉప్పు చూడటం కూడా రాదు. మీది చిన్న వయసల్లే ఉందే. ఏం వచ్చిందమ్మా?" "అద్దాల కోసం వచ్చినండి" అంది విద్యావతి. నాలుక మీద అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. "హమ్మయ్య, అద్దాలేగా" అంది ఆవిడ, తనకే తగ్గిపోయినంత సంతోషంగా. అబద్ధాలు సులువే, చిన్నప్పటి నుంచి. మీ అమ్మ ఏది? ఊరికి పోయింది. మీ అమ్మ బయటికి రాదేంది? పెయి బాగలేదు. మీ ఇంట్ల నుంచి గా పొగ ఏంది? ఆ పొగ మంత్రగాడిది. మిరపకాయలు నిప్పుల్లో వేసి, అమ్మను పీట మీద కూర్చోబెట్టి, వేపమండలతో కొడుతూ, చెప్పు, ఎంతమంది ఉన్నరు, ఎంతమంది కనవడ్తున్నరు? అమ్మ చాలాసేపు ఎవరూ లేరంది. తర్వాత ఇద్దరంది. తర్వాత ఏడుగురు అంది. నాయన గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాడు. ఏడుస్తూ చూస్తున్నాడు. నాంపల్లి దర్గాకు కూడా తీసుకుపోయాడు, అక్కడ ఎవరూ కొట్టలేదు, ఒక ముసలాయన నెమలీకల కట్ట తలమీద ఆనించి దారం కట్టాడు. అమ్మ ఆ రోజు తోవలో గోలీసోడా అడిగింది. నాయన తాగించాడు. ముగ్గురూ రోడ్డు పక్కన నిలబడి సోడా తాగారు, అమ్మకు గ్యాసు ముక్కులోకెక్కి దగ్గుతూ నవ్వింది. నాయన చెడ్డవాడు కాదు. ఈ మాట విద్యావతి తనకు తాను ఎన్ని వేలసార్లు చెప్పుకుందో. చెడ్డవాడయితే ఎంత హాయిగా ఉండేది, తప్పంతా ఆయన నెత్తిన పడేసి నిద్రపోయేది.

తప్పు తనది. యాభై ఆరు నవంబరు. కొత్త రాష్ట్రం వచ్చిందని బజార్లనిండా కరెంటు బల్బుల తోరణాలు కట్టారు, స్టేషను ముందు, అసెంబ్లీ ముందు, దుకాణాల ముందు. తనకు పదకొండేళ్ళు. అంతకు ముందు రోజు అమ్మ తలుపు చాటుకు పిలిచి గడ్డం పట్టుకుని, మల్ల వచ్చినయి బిడ్డా, నాయనకు చెప్పకు, నీకొక్కదానికే చెప్తున్న. చెప్పను అంది తను. మర్నాడు పొద్దున నాయన బొత్తాలు పెట్టుకుంటూ, తనవైపు చూడకుండా, గోడవైపు చూస్తూ, "అమ్మ మల్ల ఏమన్న చూస్తున్నదా? నిజం చెప్పు. నిన్నేమనను" అన్నాడు. గోడ మీద ఏ గీతా లేదు. అమ్మ గీయలేదు, దాచుకుంది. తను తల ఊపి ఉండనక్కరలేదు. ఊపింది. ఎందుకు ఊపింది? భయమా, నాయన నిన్నేమనను అన్నాడనా, లేక ఎప్పుడూ ఒక్కదాని మీదే పడే బరువు ఇంకొకరి మీద వేయాలనా? అదే. బరువే. సాయంత్రం టాంగా వచ్చింది. అమ్మ కొత్తచీర కట్టుకుంది, బల్బులు చూపిస్తానన్నాడు నాయన. బల్బులు చూడలేక అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని, విద్యా, నువ్వు జూసి చెప్పు ఎట్లున్నయో అంది. తను చెప్పింది, ఎర్రవి, పచ్చవి, అదిగో గుర్రం బొమ్మ లెక్క. దవాఖాన గేటు వచ్చేదాకా చెప్పింది. అమ్మను లోపలే ఉంచుకున్నారు, ఎనిమిది నెలలు. మూడోరోజు నాయన పన్నెండు రంగుల పెన్సిళ్ళ పెట్టె తెచ్చి పక్కలో పెట్టి వెళ్ళాడు. తన చేతికి వచ్చిన మొదటి రంగులు అవే. వాటితో వేసిన మొదటి బొమ్మలో కోట ఉంది, కోట పైకప్పు నిండా సగం ముఖాల మనుషులున్నారు, ఎక్కడికో పోతున్నారు.

"ఏడుస్తున్నవా బిడ్డా?" శంకరమ్మ చెయ్యి. "మందు మంటండి." "గట్లనే ఉంటది. తల ఎత్తు." మళ్ళీ చల్లగా, మళ్ళీ మంట. "ఇగ ఒక్క పావుగంట. ఫికర్ చెయ్యకు, మా డాక్టర్‌సాబ్ మెత్తటి మనిషి. కండ్ల నీళ్ళు చూస్తె ఆయనకే కాళ్ళు చేతులు ఆడవు." ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళి సుబ్బరత్నమ్మను చెయ్యి పట్టుకుని లేపింది. "నడు అమ్మా, నీ వంతు." "వస్తానమ్మా, మీకు మంచి అద్దాలు రావాలి" అని దీవించి వెళ్ళిపోయిందావిడ.

అమ్మ దవాఖాన నుంచి వచ్చినప్పుడు జుట్టు మగపిల్లవాడి జుట్టులా ఉంది. చేతులు సన్నగా వణికేవి. బొగ్గు ముట్టుకోలేదు. నీ సగం మొఖం ఏది అని అడగలేదు. తల నొప్పి వస్తే చాప చంకనపెట్టుకుని వెళ్ళి మూలగదిలో పడుకునేది, ఎవరూ పిలవకుండానే లేచి వచ్చి అన్నం వండేది. నాయన గోడలు తుడవాల్సిన పని లేకపోయింది, ఇళ్ళు మారాల్సిన పని లేకపోయింది. బాగయిందన్నాడు. బాగయిందన్నారు అందరూ. ఆయన పోయి ఆరేళ్ళు, పోయేదాకా అదే అన్నాడు. తను మాత్రం అమ్మ మానేసినవన్నీ తీసుకుని వేస్తూ పోయింది. కాగితాల మీద, తర్వాత అట్టల మీద, ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చేరాక కాన్వాసు మీద. రంపపు పళ్ళ నగరాలు, తలకిందులు మనుషులు, నీళ్ళలో నిలబడి ఒక్క కంటితో చూసే ఆడవాళ్ళు. పోయినేడు పబ్లిక్ గార్డెన్స్ హాల్లో ప్రదర్శన పెడితే పేపర్లో రాశారు, విద్యావతి గారి కుంచె కలల్ని పట్టుకుంటుందని. కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చి, ఈ కలలు మీకు ఎక్కడి నుంచి వస్తాయమ్మా అంటే, వాటంతటవే వస్తాయండి అని చేతులు జోడించింది. అబద్ధం. ఒక ఆడమనిషి దగ్గర దొంగిలించాను, ఆమెను గేటు లోపలికి పంపించి ఆమె సామాను నేను తీసుకున్నాను, అని ఎట్లా చెప్పడం? అమ్మ ఆ ప్రదర్శనకు రాలేదు. ఇంట్లో కూడా బొమ్మల వైపు వీపు పెట్టి కూర్చుంటుంది. అందుకేనా ఇప్పుడు ఇవన్నీ తనకు వస్తున్నాయి? తీసుకున్నావు గదా, పూర్తిగా తీసుకో అన్నట్టు? సరే, రావాల్సినవే. కాని తనను టాంగా ఎక్కించేవాళ్ళెవరు? నాయన లేడు. అమ్మే ఎక్కించాలి. తను పోతే అమ్మకు బియ్యం ఎవరు తెస్తారు? అమ్మ బజారుకు పోయి పద్దెనిమిదేళ్ళయింది. కాన్వాసుల్ని ఎవరు తుడిచేస్తారు, తడిగుడ్డతో పోవే అవి.

పిలిచారు. గోడ పట్టుకుని లోపలికి నడిచింది. కళ్ళు తెరిస్తే అంతా వెలుగు, అంతా పాల మీది మీగడలా చెదిరిపోయి ఉంది, డాక్టరు కోదండరామయ్య గారు తెల్లటి మసక, ఆయన చేతిలోని దీపం ఒక్కటే ముల్లులా సూటిగా ఉంది. గుంటూరు వైపు మనిషి. రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చి ఇక్కడే ఉండిపోయాడట, శంకరమ్మ చెప్పింది. గడ్డం బల్ల మీద ఆనించమన్నాడు. పైకి, కిందికి, నా చెవి వైపు చూడండి, ఇటు. చాలాసేపు చూశాడు. ఆయన ఊపిరి వక్కపొడి వాసన. దీపం ఆర్పి కుర్చీ వెనక్కి జరిపాడు.

"కంట్లో ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉన్నాయి రెండూ."

అయితే అదే. విద్యావతి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కంట్లో లేదు అంటే తలలో ఉంది. అనుకున్నదే. లేవాలి, నమస్కారం పెట్టాలి.

"కూర్చోండి, అప్పుడే ఎక్కడికి? మెరుపులన్నారు. ఎట్టా ఉంటాయవి? గీసి చూపించగలరా?" కాగితం, పెన్సిలు ముందుకు జరిపాడు. దగ్గరిది ఏదీ కనిపించడం లేదు, కాగితం అంచు కూడా తెలియడం లేదు. అయినా చెయ్యి దానంతటది వేసింది, చిన్న చుక్క దగ్గర మొదలుపెట్టి వంకరటింకరగా, బయటికి తెరుచుకుంటూ. పద్దెనిమిదేళ్ళుగా వేస్తున్న గీత. డాక్టరు కాగితం అందుకుని చిన్నగా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడు?

"ఎంతసేపుంటుంది?"

"ఇరవై నిమిషాలు. ఒక్కొక్కసారి అరగంట."

"దాని వెనకాల తలనొప్పి? వాంతి?"

"ఔ."

"ఇప్పుడు ఆలోచించి చెప్పండి. కళ్ళు మూసుకుంటే పోతాయా, ఉంటాయా?"

ఇదే. ఇదే చెప్పకూడదనుకున్నది. కళ్ళు మూసుకున్నా చూసేవాళ్ళను ఏమంటారో చిన్నప్పుడే విన్నది. "ఉంటయి," అంది. "మూసుకున్నా ఉంటయి. మనుషుల మొఖం సగం కనవడదు."

"అదీ! నాకు కావలసింది అదే" అన్నాడాయన, పిల్లవాడు లెక్క సరిగ్గా చెప్పినప్పటి పంతులులా. "కంటి జబ్బయితే ఇట్టా వచ్చి ఇరవై నిమిషాల్లో దానంతటది పోదు. ఇది పార్శ్వపు నొప్పమ్మా. ఇక్కడ ఆధాసీసీ అంటారే, అది. తలనొప్పికి ముందు కొంతమందికి ఇట్టా వెలుగులొస్తాయి. మా మేనల్లుడికీ వస్తాయి, వాడు లెక్కల మాస్టారు. నెలకి ఇద్దరు ముగ్గురైనా వస్తారు నా దగ్గరికి, అందరూ ఇదే గీత గీస్తారు. మీరు గీసినంత అందంగా ఎవరూ గీయలేదనుకోండి."

"పిచ్చి కాదా?" ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని విద్యావతికి కాసేపటికి గాని తెలియలేదు.

ఆయన నవ్వడం ఆపేశాడు. "కాదు. పిచ్చి కాదు. ఎవరన్నారు?" గొంతు తగ్గించి, "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఇది తల్లి నుంచి పిల్లలకి రావడం కద్దు" అన్నాడు. విద్యావతి చెప్పింది. మొదట ముక్కలు ముక్కలుగా, తర్వాత ఆగకుండా. సగం ముఖం, బొగ్గు గీతలు, తడిగుడ్డ, చీకటి గది, ఎనిమిది నెలలు. శంకరమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. అంతా విని డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆవిణ్ణి చూడకుండా నేను చెప్పకూడదు. వేరే బాధ కూడా ఏదైనా ఉండి ఉండవచ్చు. కాని మీరు చెప్పిన ఈ గీతలు, ఈ సగం కనపడకపోవడం, ఇదే అనిపిస్తోంది. ఎవరూ అడిగినట్టు లేరు పాపం, ఎట్టా ఉంటాయి, ఎంతసేపుంటాయి అని. ఒకసారి తీసుకురండి." మాత్రలు రాసిచ్చాడు, ఎండలో తిరగవద్దన్నాడు, వేళకు తినమన్నాడు. అంతే. ఆకలి, ఎండ, నిద్ర. దెయ్యం పట్టలేదు, శాపం లేదు.

మెట్లు దిగుతుంటే శంకరమ్మ మోచెయ్యి పట్టుకుని కిందిదాకా వచ్చింది. "మా అక్కకు గూడ గిట్లనే ఉండె బిడ్డా. మేము దయ్యం అనుకున్నం," అంది. తర్వాత ఏమయిందో ఆమె చెప్పలేదు, విద్యావతి అడగలేదు. అబిడ్స్ రోడ్డు ఎండలో కరిగిపోతోంది. సినిమా పోస్టర్లు ఎర్రటి ముద్దలు, బస్సు ఒక పచ్చటి గోడ, పెద్ద పోస్టాఫీసు మబ్బులా తేలుతోంది. కొంగు తలమీదుగా కళ్ళదాకా లాక్కుని దుకాణాల గోడ పట్టుకుని నడిచింది. నవ్వు వస్తోంది. నడిరోడ్డు మీద ఒంటరిగా నవ్వుతున్న ఆడమనిషిని చూసి ఎవరైనా ఏమనుకుంటారు, పిచ్చిదనుకుంటారు, అనుకోనీ, కాదని డాక్టరు చెప్పాడు. ఇంకా నవ్వు వచ్చింది. తర్వాత నవ్వు ఆగి ఏడుపు వచ్చింది, అది కూడా సుఖంగానే ఉంది, వాన పడ్డట్టు. ఎట్లా ఉంటాయి అని ఒక్కరు అడగలేదు. ఎంతమంది ఉన్నారని అడిగారు, ఎవరు పంపారని అడిగారు. తను మాత్రం అడిగిందా? వేస్తూ ఉండిపోయింది గాని అమ్మను అడగలేదు. ఒక ముసలాయన "జర దేఖ్‌కే బేటీ" అని భుజం పట్టి రోడ్డు దాటించాడు. నాంపల్లి స్టేషను మలుపులో రైలింజను కూత పెట్టింది. ఆ కూత వెంబడే సందులోకి తిరిగింది.

అమ్మ లోపలి వాకిట్లో చాట ముందేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తెల్లచీర మసక, నల్లచాట మసక. విద్యావతి చెప్పులతోనే వచ్చి ఆమె ముందు నేల మీద కూర్చుంది. ఏమని మొదలుపెట్టాలో తోవంతా అనుకుంటూ వచ్చింది.

"అమ్మా. నాకు గూడ వస్తున్నయి. గోడల లెక్క."

చిక్కుడుకాయ విరిగిన చప్పుడు. లోపలి పెరట్లో పంపు చుక్కలు చుక్కలుగా కారుతోంది. అమ్మ లేచి వెళ్ళిపోతుందేమో, చాప తీసుకుని మూలగదిలోకి. అమ్మ లేవలేదు.

"ఏ దిక్కుకెళ్ళి వస్తయి?"

"ఎడమ."

"నాకు కుడి దిక్కుకెళ్ళి," అంది అమ్మ. పద్దెనిమిదేళ్ళ తర్వాత, కూరగాయల మాట చెప్పినంత మామూలుగా. "ఎన్నొద్దులాయె?"

"నాలుగు నెలలు. డాక్టర్‌కు చూపించుకొనే వస్తున్న. ఆధాసీసీ అన్నడమ్మా. తలనొప్పి. గంతే. పిచ్చి గాదన్నడు."

అమ్మ ఇంకొక చిక్కుడుకాయ తీసి ఈనె లాగింది. "తలనొప్పి అని నేను గూడ చెప్పిన," అంది. "తల నొస్తదయ్యా, దాని ముందు గిట్ల వస్తయి అని. గాడ దవాఖాన్ల గూడ చెప్పిన. తలనొప్పి అందరికీ ఉంటదన్నరు."

విద్యావతి ఆమె మోకాలి మీద తల పెట్టింది. చీరకు పసుపు వాసన, చిక్కుడు వాసన. "నాయనకు నేనే చెప్పిన. నువ్వు చెప్పకన్నవు. నేను చెప్పిన."

"తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"ఇంకెవ్వరికి తెల్సు మరి? నీకొక్కదానికే చెప్తి." అమ్మ చెయ్యి వచ్చి తలమీద పడింది, వణుకు ఇంకా ఉంది ఆ చేతిలో. "నేనెందుకు చెప్పిన నీకు? ఒక్కదాన్ని మొయ్యలేక చెప్పిన. నువ్వు మాత్రం ఎట్ల మోస్తవు, గింత పిల్లవు. మీ నాయనకు చెప్పినవు. ఆయన మోయలేక గాడ చెప్పిండు. లే, ఏడవకు, మందు వేసిన కండ్లు. మంచినీళ్ళు తాగుదువు."

లేవలేదు విద్యావతి. చెప్పాల్సింది ఇంకొకటుంది, అది కూడా ఇప్పుడే చెప్పేయాలి, రేపటికి ధైర్యం ఉండదు. "నీవన్ని తీసుకొని నేను బొమ్మలేసుకున్న. నిన్నడగలేదు. గోడలు, సగం మొఖాలు, పైన నడిచే మనుషులు. అందరు నావనుకుంటున్నరు."

"పైన నడిచే మనుషులా? నాకెన్నడు కనవడలే మనుషులు."

విద్యావతి తలెత్తింది. అమ్మ ముఖం మసకగా ఉంది, అందులో ఏముందో తెలియడం లేదు. "మంత్రగాడు అడిగితే ఏడుగురున్నరని చెప్పినవు గద?"

"చెప్తే కొట్టుడు ఆపుతడని చెప్పిన. ఇద్దరంటే ఆపలే. ఏడుగురంటే ఆపిండు." అమ్మ చాట పక్కకు జరిపి లేచింది. ముందుగదిలోకి నడిచింది, విద్యావతి గోడ పట్టుకుని వెంట నడిచింది. గోడవైపు తిప్పిన కాన్వాసును అమ్మ రెండు చేతులతో ఇటు తిప్పింది. వేసిన మనిషికి రంగుల ముద్ద తప్ప ఏమీ కనిపించడం లేదు. తల్లి దగ్గరికి వంగి చూస్తోంది.

"ఇవి నావే," అంది, వేలు పెట్టకుండా, గాలిలోనే గీత వెంట వేలు నడిపిస్తూ. "కాని గిట్ల నిలవడవు ఇవి. మెరుస్తయి, ఉరుకుతయి. నీకిప్పుడొస్తున్నయి గద, తెలుస్తది. ఈ సగం మొఖపామె నాదే. ఈ మూటలోల్లు ఎవ్వరో నాకు తెల్వదు. ఈ పిల్లను చంకనేసుకున్నామె గూడ. ఎంతమందున్నరే వీళ్ళు! ఎక్కడికి పోతున్నరు?"

"ఏమో అమ్మా. నాకూ తెల్వదు."

"నువ్వు వేసి నీకు తెల్వదా?" అమ్మ నవ్వింది. సోడా గ్యాసు ముక్కులోకెక్కినప్పటిలా, చిన్నగా, దగ్గుతూ. ఆ కాన్వాసు పక్కన పెట్టి రెండోది తిప్పింది. "జరుగు, వెలుగుకు అడ్డం రాకు. వీట్ల ఏవి నావో, ఏవి నీవో చూద్దాం."